ఖాళీ పళ్లెం చప్పుడు

ఆ కార్యాలయంలో బ్యాడ్జి లేనివి రెండే. ఒకటి గోడగడియారం, రెండోది రాళ్లక్క.

బ్యాడ్జి అంటే పేరు చెక్కిన రేకుముక్క అనుకునేరు. అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ డబ్బీ అది. లోపల చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. కొన్ని రాళ్లలోంచి కంటికి కనపడని కిరణాలు వస్తాయి కదా, అవి మనిషి ఒంటికి ఎంత తగిలాయో ఆ ఫిల్ము తనలో నింపుకుంటుంది. అప్పుడప్పుడు అందరి బ్యాడ్జీలూ మూటగట్టి రాజధానిలోని పెద్ద ప్రయోగశాలకు పంపితే, ఎవరి సంగతి ఎలా ఉందో తిరుగుటపాలో తెలుస్తుంది.

డైరెక్టరుగారికి ఒక బ్యాడ్జి ఉంది. ఆయన గది ముంగిలికి ఆవలి భవనంలో, రాళ్ల దుమ్ము కిటికీ దాకా కూడా ఎగిరి రానంత దూరంలో ఉంది. లెక్కలు రాసే అధికారికి ఒకటుంది. ఆయన జీవితంలో తాకిన రాయి ఆయన ఇంటి గుమ్మం ఒక్కటే. జీపు డ్రైవరుకు కూడా ఉంది. ఎప్పుడో రాళ్ల పెట్టె ఒకటి జీపులో వేసుకొచ్చాడని ఇచ్చారు. అతను దాన్ని ఫోటో దిగేటప్పుడు మాత్రం పెట్టుకుంటాడు.

ఇక ఆ రాళ్లను దంచి, జల్లించి, యంత్రంలో పెట్టి, పొద్దస్తమానం వాటి మధ్యే కూర్చునే రాళ్లక్కకు మాత్రం లేదు. దానికి కారణం చాలా సబబైనది. కాగితాల మీద ఆమె ‘టపా సహాయకురాలు’. పరీక్షలు చేసే మనిషి పోస్టు ఖాళీగా ఉంది. అందులో ఎవరైనా చేరిన రోజున వాళ్లకు బ్యాడ్జి ఇస్తారు. ఏళ్లు గడిచినా ఎవరూ చేరలేదు. పని ఎలాగూ జరిగిపోతుంటే మనిషిని వెయ్యడం దేనికని పైవాళ్లు ఊరుకున్నారు.

ఒకసారి ధైర్యం చేసి అడిగింది.

“సార్, నాక్కూడా ఒక బ్యాడ్జి ఇప్పిస్తారా?”

“స్టాంపులు అంటించేవాళ్లకి బ్యాడ్జి ఎందుకమ్మా?” అన్నారు డైరెక్టరుగారు. “స్టాంపుల్లోంచి కిరణాలొస్తున్నాయా ఏం?”

పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. పెద్దాయన వేళాకోళమాడినప్పుడు మొహం ముడుచుకుంటే బాగుండదని రాళ్లక్క కూడా నవ్వింది. ఆ నవ్వుతో ఆ సంగతి అక్కడికి సమాప్తం. మళ్లీ ఆమె నోరు మెదపలేదు, ఆయనకు గుర్తు రాలేదు.

ఆ కార్యాలయం జనానికి చేసే ఉపకారం ఒకటుంది. ఖనిజమని అనుమానమున్న రాయి ఏదైనా సరే, ఎవరైనా సరే, టపాలో పంపవచ్చు. అందులో రేడియోధార్మికత ఉందో లేదో పరీక్షించి ఉచితంగా ఉత్తరం రాస్తారు. దాంతో రాళ్లు వచ్చిపడేవి. పౌడరు డబ్బాల్లో వచ్చేవి, ముడివేసిన పాత మేజోళ్లలో వచ్చేవి, అట్టపెట్టెల్లో అడుగు ఊడి సగం దారిలోనే రాలిపోయి వచ్చేవి. ఒకాయన ఉంగరం పెట్టెలో దూది పరిచి మరీ గులకరాయిని పంపాడు. పంపేవాళ్లలో సగంమంది ఆశపడ్డవాళ్లు. తమ గుట్ట కింద యురేనియం ఉందని తేలితే రాత మారిపోతుందని వాళ్ల లెక్క. తక్కిన సగం భయపడ్డవాళ్లు. పాత గనుల చెత్త దిబ్బల పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లు.

రాళ్లక్క రాయిని ఇనప రోట్లో దంచేది. పొడిని జల్లెడ పట్టి, అల్యూమినియం పళ్లెంలో పలచగా పరిచి, బయటి కిరణాలు లోపలికి రాకుండా సీసపు ఇటుకలతో పేర్చిన గూట్లో పెట్టి, మూత వేసేది. యంత్రం టక్కుటక్కుమంటూ లెక్కపెట్టేది. ఏ రాయీ పెట్టకపోయినా యంత్రం కొంత చప్పుడు చేస్తూనే ఉంటుంది. గోడలో, నేలలో, గాలిలో అంతటా ఆ కిరణాలు కాస్తోకూస్తో ఉంటాయి మరి. అందుకని ఆమె రోజూ పొద్దున్నే ముందుగా ఖాళీ పళ్లెం పెట్టి దాని చప్పుడు రాసుకునేది. నిన్నటి లెక్కతో పోల్చి చూసి, పెద్ద తేడా లేదనుకుని పని మొదలుపెట్టేది.

తర్వాత నియమం తేలికే. రాయి చప్పుడు ఆ రోజు ఖాళీ పళ్లెం చప్పుడుకు రెట్టింపు దాటితే ‘అసాధారణం’. గులాబీ రంగు ఉత్తరం వెళుతుంది. దాటకపోతే ‘సాధారణం’. తెల్ల ఉత్తరం.

గులాబీ ఉత్తరం ఒకటి వెళ్లిందంటే డైరెక్టరుగారు జీపెక్కి ఆ చోటికి పోవాలి, ఎండలో నిలబడాలి, నివేదిక రాయాలి, పైవాళ్లు అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పుకోవాలి. తెల్ల ఉత్తరానికైతే సంతకం చాలు. అది కూడా ఆయన ఒక్కోసారి కట్టకట్టంతా ముందే గిలికి రాళ్లక్క బల్ల మీద పడేసేవారు. జీపు డ్రైవరు చాటున ఆయన్ని ‘సాధారణంగారు’ అనేవాడు.

ఇంకో నియమం కూడా ఉంది. విచారణ ముగిసేవరకు ప్రతి రాయినీ భద్రపరచాలి. ఆ కార్యాలయంలో ఏ విచారణా ముగిసిన పాపాన పోలేదు. కాబట్టి వచ్చిన రాళ్లన్నీ, కిరణాలు లేని చల్లనివీ, ఉన్న వేడివీ కలిసిమెలిసి, రాళ్లక్క కుర్చీ వెనకాల ఇనప ర్యాకుల్లోకి చేరేవి. మొదట్లో ఒక ర్యాకు ఉండేది. అది నిండితే పక్కన ఇంకొకటి వచ్చింది. అలా అలా గోడ కనపడకుండా పోయింది. మధ్యలో సీసపు గూటికి ర్యాకుల వైపున్న రెండు ఇటుకలు కూడా మాయమయ్యాయి. ఒకటి డైరెక్టరుగారి గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. ఇంకొకటి లెక్కల అధికారి కాగితాల మీద బరువుగా కూర్చుంది. చూడ్డానికి నున్నగా, దర్జాగా ఉంటాయి మరి.

అలా ఏళ్లు గడిచేకొద్దీ గులాబీ ఉత్తరాలు తగ్గిపోయాయి. డైరెక్టరుగారు ఇది గమనించారు. గమనించి కంగారుపడలేదు, పరవశించిపోయారు. ‘చల్లబడుతున్న నేల’ అని ఒక వ్యాసం రాసి, పెద్ద సభలో చదివి, గాజు పలక మీద చెక్కిన జ్ఞాపిక పట్టుకొచ్చారు.

ఆ వ్యాసాన్ని నమ్మని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని కార్యాలయంలో ‘అదృష్టంగారు’ అనేవాళ్లు. గుట్టలో తన అదృష్టం పూడి ఉందని ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు. తెల్ల ఉత్తరం అందగానే ఆయన ఇలా జవాబు రాశాడు:

“అయ్యా, అదే గుట్ట, అదే పార. మా నాన్న పంపిన రాయికి గులాబీ ఉత్తరం ఇచ్చి, నా రాయికి తెల్లది ఇస్తారా? గుట్ట చల్లారిందా, మీరు చల్లార్చారా? నా రాయిలో సత్తువ మీరే లాగేసుకున్నారని నా గట్టి అనుమానం. సదరు సత్తువను తిరుగుటపాలో పంపగలరు.”

టీ వేళ డైరెక్టరుగారు దీన్ని అందరికీ అభినయించి మరీ చదివి వినిపించారు. రాళ్లక్కకు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వొచ్చింది. తర్వాత ఆ ఉత్తరాన్ని ‘పిచ్చివి’ అనే కట్టలో పెట్టింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే పిల్లల బడి టీచరమ్మ దగ్గర్నుంచి పార్సిలు వచ్చింది. కూలికి పోయే తల్లులు పసివాళ్లను పగలంతా వదిలివెళ్లే బడి అది. లోపల సిమెంటు అంటుకున్న కంకర ముక్క, ఒక ఉత్తరం ఉన్నాయి.

“అమ్మా, మా బడి నేల కింద పాత గని దిబ్బ మీది కంకర పోశానని తాపీమేస్త్రి తాపీగా ఇప్పుడు చెబుతున్నాడు. పగిలినచోట ముక్క తీసి పంపుతున్నాను. మధ్యాహ్నం పిల్లలందరూ అక్కడే పడుకుంటారు. మరీ చిన్నవాళ్లు నేల నాకుతారు, ఎంత చెప్పినా వినరు. ఏమైనా ఉంటే ఉందని చెప్పండి. లేకపోతే లేదనైనా చెప్పండి. అడిగిన పాపానికి మా బడి కమిటీ పెద్ద నన్ను బతకనివ్వడం లేదు.”

రాళ్లక్క ఆ ముక్కను శ్రద్ధగా దంచింది. చప్పుడు రెట్టింపు గీత దాకా ఎగబాకి, దాటలేక ఆగింది. తెల్ల ఉత్తరం తీసి, చిరునామా రాసి, స్టాంపు అంటించింది. టీచరమ్మ రాసిన జవాబు చూసి రాళ్లక్క ఎంత మురిసిపోయిందంటే, దాన్ని ఇంటికి పట్టుకెళ్లి అత్తగారికి చదివి వినిపించింది.

“మీ ఉత్తరం కమిటీ పెద్ద గోడకు అంటించారు. నేను అనవసరంగా జడిసి పిల్లలకు చాపల మీద చాపలు వేశాను. ఇప్పుడు అవి తీసేశాం. ఈ ఎండలకు చల్లటి నేల మీదే పడుకుంటామని పిల్లల గోల. మీరు చల్లగా ఉండాలమ్మా.”

ఇలా అందరూ చల్లగా ఉన్న సమయంలో పై అధికారి ఎవరో తనిఖీకి వస్తారన్న కబురొచ్చింది. కార్యాలయానికి వెల్ల వేయించాలన్నారు. మొదట డైరెక్టరుగారి గదే. ఆయన బల్ల, కుర్చీ, బీరువా, జ్ఞాపిక, అన్నిటినీ పట్టుకొచ్చి రాళ్ల గదిలో కుక్కారు. ఆయనకొక కోటు ఉంది. పెద్దవాళ్లు వచ్చినప్పుడు తప్ప తొడుక్కోరు. బ్యాడ్జి మాత్రం ఎప్పుడూ దానికే ఉంటుంది. ఆ కోటును ర్యాకు కొసకు తగిలించారు. వెల్ల అయ్యేదాకా ఆయన లెక్కల అధికారి గదిలో సర్దుకున్నారు.

రాళ్ల గదిలో ఇక యంత్రానికి చోటు లేదు. దాన్నీ, సీసపు ఇటుకల్నీ ముంగిలి దాటించి జీపు షెడ్డులో పెట్టారు. ఇటుకలు మోసిన డ్రైవరు నడుము పట్టుకుని కూలబడ్డాడు.

“రాళ్లక్కా, ఈ ఇటుకల్లో ఏం పెట్టారు, సాధారణంగారి పాపాలా?”

“గట్టిగా అరవకు, వింటారు,” అంటూ ఆమె ఖాళీ పళ్లెం పెట్టి మూత వేసింది.

టక్.

చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఒక టక్. మళ్లీ నిశ్శబ్దం.

“పడుకుందా ఏంటి?” అన్నాడు డ్రైవరు.

రాళ్లక్క తీగలన్నీ తడిమి చూసింది. మళ్లీ పెట్టింది. నిన్నటి లెక్కలో సగం కాదు కదా, సగంలో సగం కూడా రాలేదు. మోసుకురావడంలో యంత్రం పాడైంది, నెపం తన మీదికే వస్తుంది. బతికుందో లేదో చూద్దామని, సొరుగులో మిగిలిన టీచరమ్మ కంకర పొడిని పళ్లెంలో పోసి పెట్టింది. యంత్రం ఒక్కసారిగా పెనం మీద చినుకులు పడ్డట్టు చిటపటలాడింది. తీసి మళ్లీ ఖాళీ పళ్లెం పెట్టింది. యంత్రం నోరు మూసింది. అదృష్టంగారి రాయి పెట్టింది. గోల పెట్టింది.

ఆ సాయంత్రం రాళ్లక్క కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరింది. ముందు గది ఆమె భర్త కుట్టుమిషనుదీ, కత్తిరింపు బల్లదీ. వెనక గది వంటకీ పడకకీ. అత్తగారు గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతోంది.

“ఏమే, మొహం అలా వేలాడేసుకొచ్చావ్?”

“యంత్రం పాడైంది అత్తయ్యా. ఖాళీగా ఉంటే పలకదు, రాయి పెడితే ఊరుకోదు.”

“మా వాడూ అంతేగా. ఖాళీగా కూర్చోబెడితే పలకడు, గుడ్డ చేతికిస్తే నోరు మూయడు.”

“అమ్మా, నా ఏడుపులో నేనున్నాను,” అన్నాడు ఆమె భర్త, రెండు టేపుల్ని బల్ల మీద పక్కపక్కన పరిచి చూస్తూ. “పోస్టుమాస్టరుగారి పొట్ట పోయినేటికంటే తగ్గిందని రాసుకున్నాను. ఆయన నాకు టీ ఇప్పించాడు. పక్కింటావిడ నడుమూ తగ్గింది. సరే అనుకున్నా. నిన్న అమ్మకి రవిక కొలిస్తే అమ్మా చిక్కిపోయింది! అప్పుడొచ్చింది అనుమానం. కొత్త టేపు కొనుక్కొచ్చి పక్కన పెడితే ఏముంది, నా పాత టేపు వేలెడు సాగింది. టేపు సాగితే ఊరంతా సన్నబడుతుందే!”

“అంటే నేను చిక్కలేదా?” అంది అత్తగారు. “నిన్నంతా ఎంత సంబరపడ్డానురా.”

రాళ్లక్క బలవంతాన నవ్వింది. “రోజూ చేతిలో ఉండేదే కదండీ, సాగుతుంటే తెలీలేదా?”

“రోజూ చేతిలో ఉంటేనే తెలీదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా కనిపిస్తుంది చెప్పు?”

చెంబు ఎత్తబోతున్న రాళ్లక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా లేదు. ఇన్నేళ్లుగా ప్రతి పొద్దునా ఖాళీ పళ్లెం ముందు కూర్చుని ఆమె అనుకుంటున్న మాట అదే.

యంత్రానికి ఏమీ కాలేదు. ర్యాకులు నిండేకొద్దీ, గూటికి పడిన కంతలోంచి ఆ రాళ్ల చప్పుడు యంత్రానికి వినపడుతూ వచ్చింది. ఖాళీ పళ్లెం చప్పుడు పెరిగినకొద్దీ రెట్టింపు గీత పైపైకి జరిగింది. గీత జరిగినకొద్దీ రాళ్లు దాని కిందే ఉండిపోయాయి. నేల చల్లబడలేదు. టేపు సాగింది. గుట్టలో అదృష్టం ఉందో లేదో కాని, పిచ్చి ఉత్తరం రాసినాయన పిచ్చివాడు మాత్రం కాదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ‘చాపలు తీసేశాం.’

“అత్తయ్యా,” అంది రాళ్లక్క గోడకు చేరబడి. “ఆ పిల్లల ఉత్తరం మీద స్టాంపు నేనే అంటించాను.”

మర్నాడు డైరెక్టరుగారు ఇంకా కుర్చీలో సర్దుకోకముందే ఆమె గుమ్మంలో నిలబడింది.

“సార్, పిల్లల బడి టీచరమ్మకి గులాబీ ఉత్తరం పంపాలి.”

“ఆవిడకి తెల్లది వెళ్లిపోయిందిగా.”

“అది తప్పు సార్.” రాళ్లక్క ర్యాకుల సంగతి, గూటి కంత సంగతి, షెడ్డులో విన్న చప్పుడు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“యంత్రం ఇప్పుడెక్కడుంది?”

“జీపు షెడ్డులో సార్.”

“అంటే ప్రయోగశాలలో తీసిన లెక్క తప్పు, జీపు షెడ్డులో తీసింది ఒప్పు. ఈ ముక్క నేను పైకి రాయాలి. అంతేనా?”

“షెడ్డులో రాళ్లు లేవు కదా సార్.”

“రాళ్లే లేనిచోట రాళ్లని పరీక్షిస్తారమ్మా ఎవరైనా?” అని ఆయన లెక్కల అధికారి వైపు చూశారు. లెక్కల అధికారి సీసపు ఇటుక కింద కాగితాలు సర్దుకున్నాడు. “ఆ షెడ్డు మరీ నిశ్శబ్దంగా ఉంది. అక్కడ ఏ రాయి పెట్టినా అరుస్తుంది. యంత్రాన్ని దాని గదికి చేర్పిస్తే దానంతటదే కుదుటపడుతుంది.”

“పిల్లలు ఆ నేల మీదే పడుకుంటున్నారు సార్. చాపలు కూడా తీసేశారట.”

ఆయన గొంతు తగ్గించి, మొదటిసారి మనిషిలా మాట్లాడారు.

“ఇది ఒక్కటి తప్పంటే మిగతావన్నీ అడుగుతారు. ఎన్ని తెల్ల ఉత్తరాలు వెళ్లాయో నీకు తెలీదా? నా వ్యాసం సంగతేంటి? జ్ఞాపిక వెనక్కివ్వనా?” అంతలోనే మళ్లీ డైరెక్టరుగారైపోయారు. “అయినా పరీక్షల గురించి చెప్పడానికి నువ్వెవరివి? నీ పోస్టేంటి?”

“టపా సహాయకురాలిని సార్.”

“మరి టపా చూసుకో.”

“అలాగే సార్,” అంది రాళ్లక్క.

చెప్పిన మాట ఆమె అక్షరాలా పాటించింది. టపా చూసుకుంది. పోస్టాఫీసుకు వెళ్లి, కార్డులు కొని, అక్కడి బల్ల మీదే కూర్చుని రాసింది.

“టీచరమ్మగారికి, మేము పంపిన తెల్ల ఉత్తరం తప్పు. మీ నేల మంచిది కాదు. పిల్లల్ని వెంటనే ఆ గదిలోంచి బయటికి తెచ్చేయండి. గులాబీ ఉత్తరం కోసం చూడకండి, అది రాదు. ఇంకో ముక్క వేరే ప్రయోగశాలకు పంపండి. ఎవరు చెప్పారని కమిటీ పెద్ద అడిగితే నా పేరు చెప్పండి.”

కింద తన అసలు పేరు పూర్తిగా రాసింది. హాజరుపట్టీలో తప్ప ఆ పేరు చూసి చాలాకాలమైంది. ఎవరిదో పేరు చూసినట్టు కాసేపు చూసి, కార్డును డబ్బాలో వేసింది. అదృష్టంగారికి కూడా ఒకటి రాసింది: “అయ్యా, మీ గుట్ట చల్లారలేదు. మన్నించండి.”

అదృష్టంగారు తిరుగుటపాలోనే స్పందించారు. “సత్తువ అందినది. కృతజ్ఞతలు.”

టీచరమ్మ పిల్లల్ని బయట రేకుల పందిరి కిందికి మార్చేసింది. మండిపోయిన కమిటీ పెద్ద గోడ మీది తెల్ల ఉత్తరాన్ని పీకి, కార్డుతో సహా పట్టుకుని కార్యాలయానికి వచ్చాడు. “ఈ రెంటిలో ఏది నిజం?” అన్నాడు. ముద్ర ఉన్నదే నిజమని డైరెక్టరుగారు సెలవిచ్చారు. కార్డు రాసిన మనిషికి స్టాంపులు అంటించడం తప్ప ఏమీ తెలియదని కూడా చెప్పారు. కమిటీ పెద్ద తృప్తిగా వెళ్లి టీచరమ్మకు ఆ మాటే చెప్పాడు. టీచరమ్మ ఏమందో తర్వాత రాళ్లక్కకు రాసిన ఉత్తరంలో ఉంది: “మా పిల్లలు నాకేది నేలని, ముద్రని కాదు అన్నానమ్మా.”

ఆమె పిల్లల్ని లోపలికి తేలేదు. రాళ్లక్కకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఆ మెమోను కవరులో పెట్టి, స్టాంపు అంటించి, తనకు తానే బట్వాడా చేసుకోవలసి వచ్చింది. టపా ఆమె పనే కదా.

వెల్ల పని పూర్తయింది. డైరెక్టరుగారి సామాను ఆయన గదికి, యంత్రం రాళ్ల గదికి తిరిగొచ్చాయి. యంత్రం నిజంగానే కుదుటపడింది. తనిఖీకి వచ్చినాయన గోడల్ని మెచ్చుకుని వెళ్లారు. బ్యాడ్జీల మూట ఎప్పటిలాగే రాజధానికి వెళ్లింది. కొంతకాలానికి జవాబు వచ్చింది. ‘అత్యవసరం’ అని ఎర్రసిరాతో రాసిన ఆ కవరును విప్పింది కూడా రాళ్లక్కే.

లెక్కల అధికారి బ్యాడ్జి కడిగిన ముత్యంలా ఉందట. డ్రైవరుదీ అంతే. డైరెక్టరుగారి బ్యాడ్జి మీద మాత్రం ఉండకూడనంత కిరణాలు పడ్డాయి. వారిని తక్షణం పని నుంచి తప్పించి, వైద్య పరీక్షలు చేయించి, వారు ఏ గదిలో పనిచేశారో తెలపాలని రాశారు.

డైరెక్టరుగారు ఉత్తరం చదివి, కుర్చీలో వెనక్కి వాలిపోయారు. అప్పటికప్పుడు ఆయనకు తల తిరిగింది, నోరు ఎండిపోయింది, జుట్టు రాలుతున్నట్టు కూడా అనిపించింది. లెక్కల అధికారి విసనకర్ర కోసం పరిగెత్తాడు. డ్రైవరు జీపు తీశాడు. సాధారణంగారికి అసాధారణం జరిగిందని కార్యాలయమంతా వసారాలో చేరింది.

“సార్, భయపడకండి,” అంది రాళ్లక్క మంచినీళ్ల గ్లాసు అందిస్తూ. “మీకేం కాలేదు. తగిలింది కోటుకి. వెల్ల వేసినన్నాళ్లూ అది నా గదిలో ర్యాకుకు వేలాడింది.”

ఆయన లేచి కూర్చున్నారు. నీళ్లు గడగడ తాగారు. ప్రాణం కుదుటపడ్డాక గాని ఆ మాటలోని మిగతా సగం తలకెక్కలేదు.

“అమ్మో! ఆ గది అంత ప్రమాదమా?”

“కోటు కొన్నాళ్లే ఉంది సార్,” అంది రాళ్లక్క. “నేను కోటుకంటే చాలా ముందొచ్చాను.”

ఎవరూ నవ్వలేదు. ఈసారి రాళ్లక్క కూడా నవ్వలేదు.

ఆ తర్వాత ఆ కార్యాలయం ఎంత చురుగ్గా కదిలిందో చెప్పాలంటే మాటలు చాలవు. కోటును కాల్చేశారు. డైరెక్టరుగారికి ముందుజాగ్రత్తగా జీతంతో కూడిన సెలవు దొరికింది. రాళ్ల గది తలుపుకు ఆ వారంలోనే బోర్డు వచ్చింది. తెల్ల రేకు మీద నల్లటి అక్షరాలు: ‘ప్రమాదం. అధికారులు లోనికి రాకూడదు.’ రాళ్లక్క రోజూ పొద్దున్నే ఆ బోర్డు చదివి, తలుపు తోసి, లోపలికి వెళ్లి కూర్చుంటుంది. బ్యాడ్జి సంగతి అడిగితే, పోస్టు భర్తీ కాగానే పరిశీలిస్తామన్నారు. రెండు సీసపు ఇటుకలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. వెళ్లిపోయిన తెల్ల ఉత్తరాల్లో ఒక్కదాన్ని కూడా ఎవరూ వెనక్కి పిలవలేదు.

పిల్లల బడి టీచరమ్మ వేరే ప్రయోగశాలకు ముక్క పంపింది. జవాబు ఇంకా రాలేదు. గులాబీ కాగితం కంటితో చూస్తే తప్ప నేల తవ్వించేది లేదని కమిటీ పెద్ద భీష్మించుకున్నాడు. పసివాళ్లు రేకుల పందిరి కిందే పడుకుంటున్నారు. వానలు దగ్గరపడుతున్నాయి. జల్లు మొదలైతే వాళ్లకు మిగిలేది ఆ గదే.

కాబట్టి చదువుతున్న మీకు ఒక మనవి. మీ ఇంటి గోడకో, మీ పిల్లల బడి గోడకో, మీరు పనిచేసే చోట బీరువాలోనో ‘సాధారణం’ అన్న ఇలాంటి తెల్ల ఉత్తరం ఏదైనా ఉంటే, దాన్ని ఇవాళే కిందికి దించండి. పంపినవాళ్ల చిరునామా దాని మీదే ఉంటుంది. ఒక కార్డు కొని రెండే రెండు ప్రశ్నలు రాయండి. మా రాయిని పరీక్షించిన రోజు మీ ఖాళీ పళ్లెం ఎంత చప్పుడు చేసింది? పరీక్షించిన మనిషికి బ్యాడ్జి ఉందా? జవాబు రాకపోతే మళ్లీ రాయండి. మీ పక్కింటివాళ్ల చేత రాయించండి. తెల్ల ఉత్తరం మీ దగ్గర లేకపోయినా, పిల్లల బడి నేల ఎప్పుడు తవ్విస్తారని అడుగుతూ రాయండి. కార్డులు కట్టలు కట్టలుగా వచ్చిపడితే, వాటిని కూడా ‘పిచ్చివి’ అని మూటగట్టడం అంత తేలిక కాదు. పైగా ఆ కార్యాలయంలో టపా విప్పే మనిషి ఎవరో మీకిప్పుడు తెలుసు.

వానలు రాకముందే రాయండి.